తాగి పాడుకున్న లైబ్రరీ పాట

1995 డిసెంబర్ 29, రాత్రి. లండన్, వెంబ్లీ అరీనా. బయట చలి ఎముకలు కొరుకుతోంది, లోపల ఉక్కపోత. కోట్లు విప్పి నడుముకు చుట్టుకున్న జనం మధ్య మనం భుజాలు ముడుచుకుని నిలబడ్డాం. వీళ్లలో ఎక్కువమంది స్టోన్ రోజెస్ బ్యాండును చూడ్డానికి వచ్చినవాళ్లు. వదులు ప్యాంట్లు, చెవుల మీదికి దిగిన టోపీలు, చేతుల్లో ప్లాస్టిక్ గ్లాసులు. ఎవరి మోచెయ్యి తగిలినా కాసింత బీరు మన చొక్కా మీదికి ఒలుకుతోంది. ఈ గుంపులో అక్కడక్కడ ఇంకో రకం మనుషులు కనిపిస్తున్నారు: కళ్లకు దట్టంగా కాటుక, మెడలో ఈకల దండ, చిరుతపులి చుక్కల చొక్కా. రోజెస్ కంటే ముందు వాయించబోయే మ్యానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ కోసం వచ్చారు వీళ్లు. కబుర్లు లేవు, నవ్వులు లేవు, స్టేజీ మీద నుంచి చూపు తిప్పడం లేదు.

దీపాలు ఆరాయి. ముగ్గురు వచ్చారు.

పొట్టిగా, దిట్టంగా ఉన్నతను జేమ్స్ డీన్ బ్రాడ్‌ఫీల్డ్. పాడేదీ, గిటార్ వాయించేదీ అతనే. బేస్ గిటార్ తగిలించుకున్న ఆ పొడుగాటి మనిషి నికీ వైర్. డ్రమ్స్ వెనక కూర్చున్నది షాన్ మూర్, జేమ్స్‌కు కజిన్. స్టేజీ మీద నాలుగో మనిషి నిలబడే వైపు ఎవరూ లేరు. ఈకల దండల వాళ్లు అటే చూస్తున్నారు. చూడకుండా ఉండలేకపోతున్నారు అనాలేమో.

అక్కడ ఉండాల్సింది రిచీ ఎడ్వర్డ్స్. ఆ ఏడాది ఫిబ్రవరి 1న పొద్దున్నే లండన్ బేస్‌వాటర్‌లోని ఎంబసీ హోటల్ నుంచి బయటికి నడిచాడు. ఆ రోజే జేమ్స్‌తో కలిసి అమెరికా విమానం ఎక్కాల్సినవాడు. రెండు వారాల తర్వాత అతని కారు సెవర్న్ వంతెన దగ్గరి సర్వీస్ స్టేషన్‌లో దొరికింది. మనిషి దొరకలేదు. ఉండి ఉంటే వారం కిందటే, డిసెంబర్ 22న, ఇరవై ఎనిమిది నిండేవి. గిటార్‌లో అతను అంతంత మాత్రమే, ఆ సంగతి అతనూ దాచుకోలేదు. పాటలకు మాటలు రాసేది మాత్రం అతనూ, నికీ. జేమ్స్, షాన్ బాణీలు కట్టేవాళ్లు. పని అలా సగానికి సగం పంచుకున్న బ్యాండులో ఒక చెయ్యి పోయింది. కొనసాగాలా వద్దా అని నెలల తరబడి తేలని పరిస్థితి. రిచీ అమ్మానాన్నలు కానివ్వండి అన్నాకే మళ్లీ వాయిద్యాలు పట్టుకున్నారు. ముగ్గురుగా జనం ముందుకు రావడం ఇదే మొదటిసారి. అతని చోట్లో ఇంకో గిటారిస్టును నిలబెట్టలేదు.

ఈ జనంలో నూటికి తొంభైమందికి వీళ్లు పెద్దగా తెలియదు. తెలిసినా, ఒంటి మీద బ్లేడుతో కోసుకున్న పిచ్చివాళ్ల బ్యాండుగానే తెలుసు. 1991 మేలో నార్విచ్‌లో స్టీవ్ లమాక్ అనే జర్నలిస్టు మీ నిజాయితీ ఎంత అని అడిగితే రిచీ బ్లేడు తీసి ముంజేతి మీద జవాబు చెక్కుకున్నాడు. ఆ ఫొటో పత్రికలో అచ్చయింది. బ్యాండు పాటలకంటే ఆ ఫొటోయే ఎక్కువమందికి గుర్తు. ఇంకో నాలుగు నెలలాగితే ఇదే బ్యాండు పాట ప్రతి పబ్బులో, ప్రతి టాక్సీలో మోగుతుందంటే ఇక్కడ ఎవరూ నమ్మరు. రాసింది రాసేశారు, బాణీ కట్టేశారు, లోకానికి ఇంకా వినపడలేదంతే.

ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే లండన్ వదిలి పడమటికి రావాలి.

సెవర్న్ వంతెన దాటితే వేల్స్. న్యూపోర్ట్ ఊరు వస్తుంది. ఓడరేవు పక్కన పిల్‌గ్వెన్‌లీ అనే పేట ఉంది, ఊళ్లోవాళ్లకు ఒట్టి 'పిల్'. డాకు కూలీల పేట. అక్కడో పాత లైబ్రరీ భవనం, గుమ్మం పైన రాతిలో చెక్కిన మాట: జ్ఞానమే బలం. తల ఎత్తితే తప్ప కనపడదు. నికీ తల ఎత్తాడు. పాట మొదటి వాక్యం ఆ గుమ్మం దగ్గరే మొదలైందని తర్వాత అతనే చెప్పాడు.

న్యూపోర్ట్ నుంచి ఉత్తరానికి బస్సు ఎక్కుదాం. సిర్‌హౌవీ నది వెంట దారి పైకి పాకుతుంది. రెండు పక్కలా కొండలు దగ్గరకు జరుగుతాయి. ఇళ్లు వరుసలు వరుసలుగా, ఒక గోడకు ఇంకో గోడ ఆనుకుని, కొండవాలుకు అడ్డంగా కట్టి ఉంటాయి. నల్ల పలకరాతి కప్పులు వానకు తడిసి మెరుస్తున్నాయి. ఒక చాపెల్, ఒక పబ్బు, ఒక రగ్బీ మైదానం, మళ్లీ ఒక చాపెల్. గడ్డి మొలిచిన ఆ గుట్టలు కొన్ని నిజం గుట్టలు కావు, గనిలోంచి తోడి పోసిన చెత్త. బ్లాక్‌వుడ్ వచ్చింది. పక్కనే ఓక్‌డేల్. జేమ్స్, నికీ, షాన్, రిచీ నలుగురూ చదివింది ఓక్‌డేల్ సర్కారీ స్కూల్లో.

ఓక్‌డేల్ తనంత తానుగా పెరిగిన ఊరు కాదు. బొగ్గు తవ్వేందుకు ట్రెడీగర్ ఐరన్ అండ్ కోల్ కంపెనీ గీతలు గీసి కట్టిన ఊరు. ఆ ఊళ్లో గనికార్మికులు తమ కోసం ఒక ఇన్‌స్టిట్యూట్ కట్టుకున్నారు, 1917లో. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా! కంపెనీ అప్పిచ్చింది, కార్మికులు జీతాల్లోంచి పెన్నీ పెన్నీ కోయించుకుని తీర్చారు. దక్షిణ వేల్స్ లోయల్లో దాదాపు ప్రతి గని ఊళ్లోనూ ఇలాంటిది ఒకటి లేచింది. ఎవరో ధర్మప్రభువు దయతలచి కట్టించినవి కావు. అందుకే లోపలికి వెళ్లేవాడు టోపీ తీసి చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

లోపలికి వెళ్దాం. బరువైన తలుపు. నేల మీద బూట్ల చప్పుడు. కమిటీ గది, చదువుకునే గది, పుస్తకాల గది, పైన హాలు. పుస్తకాల గదిలో చెక్క బీరువాలు, అట్టల మీద ఇన్‌స్టిట్యూట్ ముద్ర. ఒక పుస్తకం తీసి తిరగేస్తే పేజీ అంచులు వేలిముద్రలతో మాసి ఉంటాయి. గనిలో పనిచేసేవాడి గోళ్ల సందుల్లో బొగ్గు ఎంత రుద్దినా పూర్తిగా పోదు. షిఫ్టు దిగి, ఇంట్లో రేకు తొట్టిలో స్నానం చేసి, అన్నం తిని ఇక్కడికి వచ్చేవాళ్లు. పత్రికలు చదివేవాళ్లు, మార్క్స్ గురించి కొట్లాడుకునేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు, సినిమా వేస్తే చూసేవాళ్లు. ఊరికే నిద్ర పోయేవాళ్లూ ఉండి ఉంటారు, అందరూ పండితులేం కాదు.

ఇదే లోయలో కొంచెం ఎగువన ట్రెడీగర్ ఉంది. బడి మానేసి గనిలోకి దిగిన అన్యూరిన్ బెవన్ అనే పిల్లవాడు అక్కడి కార్మికుల లైబ్రరీలో పుస్తకాల మీద పడ్డాడు. ఆ తర్వాత బ్రిటన్ ఆరోగ్యమంత్రి అయ్యాడు. 1948లో దేశమంతటికీ ఉచిత వైద్యం తెచ్చినప్పుడు అతని కళ్ల ముందున్న నమూనా ట్రెడీగర్ కార్మికులు చందాలేసుకుని నడుపుకున్న వైద్య సంఘమే. లైబ్రరీకి బలానికి సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు ఈ ఒక్క లోయ చాలు.

మనం బస్సు దిగిన కాలానికి ఇదంతా చివరి అంకంలో ఉంది. 1984లో మొదలైన సమ్మె ఏడాది సాగి 1985 మార్చిలో ఓడిపోయింది. నికీ, జేమ్స్‌లకు అప్పుడు పదిహేను, పదహారేళ్లు. గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఓక్‌డేల్ గని 1989లో ఆగింది. ఇన్‌స్టిట్యూట్లు నడిపే జీతాలే లేకపోతే ఇన్‌స్టిట్యూట్లు ఎక్కడివి? ఎన్నో చోట్ల పుస్తకాలు పాతపుస్తకాల వాళ్లకు పోయాయి. కొన్నింటిని స్వాన్సీ విశ్వవిద్యాలయం వాళ్లు 1973లో పెట్టిన మైనర్స్ లైబ్రరీ కాపాడింది. రిచీ, నికీ తర్వాత చదువుకున్నది ఆ విశ్వవిద్యాలయంలోనే. ఓక్‌డేల్ ఇన్‌స్టిట్యూట్‌ను రాయి రాయిగా విప్పి కార్డిఫ్ శివార్లలోని సెయింట్ ఫాగన్స్ మ్యూజియంకు తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. సందర్శకులకు తెరిచిన సంవత్సరం 1995. వీళ్ల తాతలు కట్టుకున్న లైబ్రరీ అద్దాల వెనక వస్తువైన సంవత్సరమూ, నికీ కాగితం మీద లైబ్రరీ అన్న మాటతో పాట మొదలుపెట్టిన సంవత్సరమూ ఒకటే. ఇది అనుకుని జరిగింది కాదు. కానీ నాకు ఈ పాట విన్నప్పుడల్లా ఆ మ్యూజియం గుమ్మమే గుర్తొస్తుంది.

నికీ కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. 1994, 95ల్లో బ్రిటన్‌లో బ్రిట్‌పాప్ గాలి జోరుగా వీస్తోంది. బ్లర్ వాళ్ల 'పార్క్‌లైఫ్' ఆల్బం అట్ట మీద పందెం కుక్కలు పరుగెడుతున్నాయి. కార్మికుల యాస, కార్మికుల టోపీ, కార్మికుల పబ్బు అన్నీ ఫ్యాషనైపోయాయి. కష్టం తప్ప మిగతాదంతా. కార్మికుడంటే బీరు తాగి, కుక్కల పందేలు ఆడి, కేకలేసే హాస్యపాత్ర. గనుల్లో తండ్రుల్ని చూసి పెరిగినవాడికి ఒళ్లు మండదా? నికీ వాళ్ల నాన్న గనిలో పనిచేసినవాడు. జేమ్స్ వాళ్ల నాన్న వడ్రంగి.

ఆ మంటతో నికీ రెండు కాగితాలు రాశాడు. ఒకటి 'ఎ డిజైన్ ఫర్ లైఫ్', రెండోది 'ప్యూర్ మోటివ్'. మొదటి పేరు జాయ్ డివిజన్ వాళ్ల తొలి రికార్డు 'యాన్ ఐడియల్ ఫర్ లివింగ్'ను తలుచుకుని పెట్టింది. రెండూ లండన్‌కు పంపాడు.

లండన్, షెపర్డ్స్ బుష్. జేమ్స్ గది. తలుపు కింద నుంచి ట్రాఫిక్ చప్పుడు లోపలికి వస్తోంది. జేమ్స్ మంచం అంచున కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. రిచీ రాసే కవిత్వం ఊపిరాడనివ్వదు. మాట మీద మాట ఎక్కి ఉంటుంది, దాన్ని బాణీలో ఇరికించడానికి జేమ్స్ ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. 1994లో వచ్చిన 'ది హోలీ బైబిల్' ఆల్బం వింటే ఆ కుస్తీ వినపడుతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న మాటలు తక్కువ. మాటకూ మాటకూ మధ్య గాలి ఉంది. జేమ్స్ రెండు పాటల్లోంచీ కావలసినవి తీసి ఒక పాటగా కలిపాడు. గిటార్ ఒళ్లోకి లాక్కున్నాడు. బాణీ నిమిషాల్లో వచ్చేసింది. సినిమా సంగీతంలో ఎన్నియో మోరికోనే పరిచే విశాలం, అమెరికా నల్లవాళ్ల మోటౌన్ పాటల ఊపు, ఆర్.ఇ.ఎం. బ్యాండు గిటార్ మెరుపు అన్నీ అందులో కలిశాయి.

ఇక మనం ఫ్రాన్సుకు వెళ్లాలి. నార్మండీ పల్లెపట్టు, చాటో ద లా రూజ్ మోట్ అనే పాత కోటలాంటి ఇల్లు. నిర్మాత మైక్ హెడ్జెస్ దాన్నే స్టూడియోగా మార్చుకున్నాడు. అంతకు ముందు మెకాల్మాంట్ అండ్ బట్లర్ జంటకు అతను చేసిన 'యెస్' పాటలో వయొలిన్లు ఆకాశానికి లేచినట్టు వినిపిస్తాయి. మ్యానిక్స్‌కు కావలసింది అదే. గదిలో పెద్ద రికార్డింగ్ డెస్కు, అబ్బే రోడ్ స్టూడియోలో పనిచేసి వచ్చిన పాతది. వేలు పెట్టి తిప్పితే గట్టిగా 'టక్' మనే బిళ్లలు. ముందు ఆల్బంను వీళ్లు కార్డిఫ్‌లో చవక స్టూడియోలో, బిగుసుకుపోయి చేశారు. ఇక్కడ కిటికీ తీస్తే పొలాలు. రిచీ లేడు. ఆ లోటును ఎవరూ పైకి అనకుండా పని చేసుకుపోతున్నారనుకుందాం.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. టేపు తిరుగుతోంది.

ముందుగా గిటార్ ఒక్కటే. శ్రుతి కట్టిన తీగల్ని ఒక్కొక్కటిగా మీటుతూ, కరకరలాడే మోత లేకుండా, శుభ్రంగా. లెక్క గమనించండి. రాక్ పాటల్లో ఎక్కువ భాగం నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తాయి, కాలు నేలకేసి కొట్టడానికి వీలుగా. ఇది తిశ్రం. తకిట తకిట తకిట తకిట. మనిషి నడిచే నడక కాదు, ఊగే ఊపు. పెళ్లిలో వాల్ట్జ్ చేసే జంటకు సరిపోయే లెక్క, భుజాల మీద చేతులేసుకుని కూడి తూలే తాగుబోతులకూ సరిపోయే లెక్క. ఈ పాట తలరాత సగం ఇక్కడే తేలిపోయింది.

జేమ్స్ గొంతు కిందస్థాయిలో మొదలవుతుంది, కథ చెప్పేవాడిలా. మొదటి వాక్యంలో లైబ్రరీ. రెండో వాక్యంలో పని, దాని వెనక ఆష్విట్జ్ గేటు మీద నాజీలు పెట్టించిన మాటల నీడ. రెండే వాక్యాల్లో చదువు ఇచ్చిన బలమూ, పని పేరుతో జరిగిన దగా పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. రేడియో పాటకు ఇది చాలా ఎక్కువ బరువు. గిటార్ మాత్రం తకిట తకిట అంటూనే ఉంటుంది, ఏమీ ఎరగనట్టు.

తర్వాత షాన్ డ్రమ్స్ మీద ఒక పెద్ద దెబ్బ, మార్టిన్ గ్రీన్ సమకూర్చిన వయొలిన్ల గుంపు ఒక్కసారిగా లేస్తుంది. జేమ్స్ గొంతు పైకి ఎగబాకుతుంది. ఇదే కోరస్. వీళ్లకు తాగడం తప్ప ఇంకేం పట్టదు అని పైతరగతి వాళ్లు ఎప్పటినుంచో అంటున్న మాట ఉంది కదా, ఆ నిందను కార్మికుడు తన నోటితోనే అనేస్తాడు, 'మేము' అంటూ. ఒప్పుకుంటున్నాడా, వెక్కిరిస్తున్నాడా? మాటలు చదివితే వెక్కిరింత. బాణీ వింటే గర్వం. మామూలుగా వెక్కిరించే పాటకు వంకర బాణీ కడతారు. జేమ్స్ దానికి జాతీయగీతానికి కట్టాల్సిన బాణీ కట్టాడు. ఆ నిర్ణయంలోనే ఈ పాట గొప్పతనమంతా ఉందని నా నమ్మకం. నిందను మోసుకొచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టాడు.

నాలుగు నిమిషాలు దాటాక వయొలిన్లు తప్పుకుంటాయి. చివరికి మిగిలేది షాన్. అతను బాల్యంలో ట్రంపెట్ నేర్చుకున్నవాడు. ఇదే ఆల్బంలోని 'కెవిన్ కార్టర్' పాటలో ట్రంపెట్ అతనిదే. ఇక్కడ మాత్రం డ్రమ్స్‌తోనే పాటను తలుపు దాకా సాగనంపుతాడు.

1996 ఏప్రిల్ 15, సోమవారం. సీడీ సింగిల్ షాపుల్లోకి వచ్చింది. లేబుల్ ఎపిక్. బ్లాక్‌వుడ్ హైస్ట్రీట్‌లో స్కూలు సంచి తగిలించుకున్న కుర్రాడు జేబులోని చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు. టీవీలో పెద్రో రోమాని తీసిన వీడియో వస్తోంది: నక్కల వేట, యాస్కాట్ గుర్రప్పందేలు, పోలో ఆట, రాయల్ ఆల్బర్ట్ హాల్లో జెండాలూపే పెద్దమనుషులు. అంటే డబ్బున్నవాళ్ల తిరనాళ్లు. పాట లైబ్రరీ గురించి, బొమ్మ మాత్రం గుర్రాల గురించి. ఎవరి ఖర్చుతో ఎవరి పండగ అని విడిగా చెప్పలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం సాయంత్రం. లోయలో ఒక ఇంటి వంటగది. పొయ్యి మీద కెటిల్, కిటికీకి ఆవిరి పట్టింది. బల్ల మీద రేడియో కమ్ క్యాసెట్ రికార్డర్. ఆదివారం నాలుగింటి నుంచి ఏడింటి దాకా రేడియో వన్‌లో వారం చార్టు. మార్క్ గుడియర్ నలభైవ నంబరు నుంచి మొదలుపెట్టి కిందికి లెక్కపెడుతూ వస్తున్నాడు. పక్కన అమ్మాయి 'ప్లే', 'రికార్డ్' బటన్ల మీద రెండు వేళ్లు పెట్టి కూర్చుంది. అనౌన్సర్ మాట టేపులో పడకూడదు, పాట మొదటి స్వరం పోకూడదు. ఆ కాలం పిల్లలకు అదొక విద్య. పదో నంబరు దాటింది. వీళ్ల పేరు రాలేదు. మ్యానిక్స్ అంతకు ముందు మొదటి పదిలో ఒక్కసారే చేరారు, 1992లో, ఏడో స్థానం. అదీ సొంత పాటతో కాదు, 'మ్యాష్' సినిమా పాటను మళ్లీ పాడి. ఐదు దాటింది. నాలుగు. మూడు. అమ్మాయి ఊపిరి బిగపట్టింది.

రెండు. బటన్లు రెండూ 'టక్' మన్నాయి. గిటార్ మొదలైంది.

మొదటి స్థానంలో ఉన్నది లెస్టర్‌లో పెరిగిన మార్క్ మారిసన్ 'రిటర్న్ ఆఫ్ ద మ్యాక్'. దాని మీద కోపం పెట్టుకోవడానికి ఏం లేదు, అదీ మంచి పాటే, ఇప్పటికీ పెళ్లి డీజేలు వేస్తున్నారు. మ్యానిక్స్‌కు మొదటి స్థానం 1998లో వచ్చింది, స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడటానికి వెళ్లిన వెల్ష్ వాళ్ల గురించిన పాటతో. వీళ్లు జనాన్ని మెప్పించాలనుకున్నప్పుడల్లా చరిత్ర పుస్తకమే తెరిచారు!

ఆ వారాల్లో 'టాప్ ఆఫ్ ద పాప్స్' స్టూడియోలో వీళ్లను చూస్తే రెండేళ్ల కిందట ఇక్కడికే వచ్చిన బ్యాండు ఇదేనా అనిపిస్తుంది. 1994 జూన్‌లో 'ఫాస్టర్' పాడటానికి వచ్చినప్పుడు సైనికుల దుస్తులు, చుట్టూ మంటలు, జేమ్స్ మొహానికి ఐర్లండ్ సాయుధులు వేసుకునేలాంటి ముసుగు. బీబీసీకి పాతికవేల ఫిర్యాదులు వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు మామూలు చొక్కాలు. చేతులూపుతున్న టీనేజీ పిల్లలు. కాటుక పెట్టుకున్న పాత అభిమానుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు; తమ బ్యాండును ఫుట్‌బాల్ చొక్కాల వాళ్లు ఎత్తుకుపోయారని బాధ. వాళ్లను తప్పు పట్టలేం. కానీ గని కార్మికుల గురించి పాట రాసి అది గని కార్మికుల పిల్లలకు నచ్చకూడదనుకోవడం ఎలా?

మే 20న 'ఎవ్రీథింగ్ మస్ట్ గో' ఆల్బం వచ్చింది. అదీ రెండో స్థానమే. అందులో ఐదు పాటలకు రిచీ వదిలి వెళ్లిన మాటలున్నాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ బ్యాండు, ఉత్తమ ఆల్బం రెండూ వీళ్లకే. మైకు ముందుకొచ్చిన నికీ ఆ బహుమతిని దేశంలోని సర్కారీ స్కూళ్లకు అంకితం ఇచ్చాడు, ప్రభుత్వం వాటిని తుడిచిపెట్టాలని చూస్తోందని తిడుతూ. బల్లల దగ్గర షాంపేన్ గ్లాసులు, ఖరీదైన సూట్లు. చప్పట్లు మాత్రం గట్టిగానే పడ్డాయి.

1999 డిసెంబర్ 31, రాత్రి. కార్డిఫ్, మిలీనియం స్టేడియం. ఆ ఏడే రగ్బీ ప్రపంచకప్ కోసం కట్టింది, నది ఒడ్డున, ఊరి నడిబొడ్డున. లోపల 50 వేలకు పైగా జనం. వెంబ్లీలో మన చుట్టూ ఉన్నవాళ్లు వేరే బ్యాండు కోసం వచ్చారు. ఇక్కడ ఈ ముగ్గురి కోసమే. ఎర్ర డ్రాగన్ జెండాలు. రగ్బీ చొక్కాలు, ఈకల దండలు పక్కపక్కనే. మన ముందు యాభై దాటిన పెద్దాయన, ఆయన భుజం మీద చెయ్యేసి కొడుకు. ఇద్దరూ బాగానే తాగి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ గ్లాసు. జేమ్స్ తీగలు మీటాడు. తకిట తకిట. మొదటి రెండు వాక్యాలకు కొడుకు పెదాలు కదిపాడు, పెద్దాయన ఊరికే తల ఊపాడు. కోరస్ వచ్చింది.

ఆ మోత చెవులతో వినేది కాదు. కాలి కింద కాంక్రీటు అదురుతోంది. 50 వేల గొంతులు, తాము తాగుబోతులమే అని, ఎక్కువమంది నిజంగానే తాగి, ప్రార్థన చేసినంత శ్రద్ధగా పాడుతున్నాయి. శాటిలైట్ల మీద ఈ పాట లోకమంతా ప్రసారమవుతోంది, కొత్త శతాబ్దానికి స్వాగతంగా. పెద్దాయన గ్లాసులో బీరు సగం ముందువాళ్ల వీపు మీద పడింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ పాట గురించి రాసే విమర్శకులు ఇక్కడికి రాగానే నిట్టూరుస్తారు: చూశారా, వెక్కిరింత అర్థం కాలేదు జనానికి, తాగుబోతు పాటగా మార్చేశారు అని. నాకు ఆ నిట్టూర్పు మీద నమ్మకం లేదు. ఓక్‌డేల్ ఇన్‌స్టిట్యూట్‌లో మార్క్స్ చదివినవాడే శనివారం రాత్రి వీధి చివరి పబ్బులో పడి తాగాడు. చదివేవాడు ఒకడు, తాగేవాడు ఇంకొకడు అని విడదీసింది బయటినుంచి చూసినవాళ్లు. మన ముందున్న పెద్దాయనకు మొదటి వాక్యాలు కంఠతా రావు, కోరస్ వచ్చు. ఆయన కొడుకుకు రెండూ వచ్చు. పాట ఇద్దరికీ చాలింది.

2009 జూన్ 18న కార్డిఫ్‌లో కొత్త సెంట్రల్ లైబ్రరీని అధికారికంగా ప్రారంభించడానికి ఈ ముగ్గుర్నీ పిలిచారు. రాజకుమారుడినో, మంత్రినో కాదు. వచ్చారు, ఫలకం మీద తెర తీశారు. తమకు దక్కిన పెద్ద గౌరవాల్లో అదొకటని నికీ తర్వాత అన్నాడు. ఫలకం మీద పాటలోని మొదటి మాటలున్నాయి. కోరస్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.